పార్కు కింద తారు ఉంటే బిల్లు ఎవరు కట్టాలి?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడున్నాయి. ఆదివారం పిల్లలతో సియాటిల్ గ్యాస్ వర్క్స్ పార్కుకి వెళ్లొచ్చారు, ఎవరో "ఆ గుట్ట కింద అంతా విషమే" అన్నారు, నీళ్లలో దిగొద్దన్న బోర్డు కూడా చూశారు కాబట్టి పిల్లల గురించి టెన్షన్. అది సిటీ పార్కే కదా, ఇంత డబ్బున్న ఊరు ఇన్నేళ్లయినా దాన్ని ఎందుకు బాగు చెయ్యలేదు, ఆ ఖర్చు ఎవరిది అన్నది రెండోది. మీ సొంతూళ్లో పాత డంపింగ్ యార్డు మీద మున్సిపాలిటీ పార్కు కడతానంటోంది, మనం ఏం అడగాలి అన్నది మూడోది. వాషింగ్టన్ రాష్ట్రంలో కలుషిత స్థలాల పని ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను. అందులో సగం కాలం మట్టి జోలికే పోలేదు, ఖర్చు నీదంటే నీదనే కాగితాలు చదవడంతోనే గడిచింది. అందుకని రెండో ప్రశ్న మీద ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పిల్లల సంగతి. గడ్డి మీద ఆడుకున్నందుకు భయపడాల్సింది లేదు. కింద ఉన్న మురికికీ పిల్లల చేతులకీ మధ్య బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టి పొర వేశారు. ఇంటికొచ్చాక చేతులు కడుక్కోవడం, బూట్లు గుమ్మం బయట విడవడం చాలు. నీళ్లలో దిగొద్దన్న బోర్డుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒడ్డు దగ్గర సరస్సు అడుగున ఉన్న బురదలో తారు ఇంకా అలాగే ఉంది.

అక్కడికి తారు ఎలా వచ్చిందంటే, 1906లో లేక్ యూనియన్ అనే సరస్సు ఉత్తరపు ఒడ్డున గ్యాస్ తయారీ కర్మాగారం పెట్టారు. మొదట బొగ్గు నుంచి, 1937 తర్వాత చమురు నుంచి గ్యాస్ తీసి ఊరికి సరఫరా చేసేవారు. పైపుల్లో సహజవాయువు రావడంతో 1956లో మూతపడింది. గ్యాస్ తీయగా మిగిలేది తారు, బెంజీన్, నాఫ్తలీన్ (మన బీరువాల్లో వేసే కలరా ఉండలు అవే), ఇంకా పీఏహెచ్‌లు అని మేం పిలిచే రసాయనాల కుటుంబం మొత్తం. ఆ కుటుంబంలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. వీటికి తోడు ఆర్సెనిక్. గ్యాస్‌లో కుళ్లిన గుడ్ల వాసన పోగొట్టడానికి థైలాక్స్ అనే పద్ధతి వాడారు, అందులో వాడే ద్రావణంలో ఆర్సెనిక్ ఉంటుంది. అది కారి భూగర్భజలంలో చేరింది.

1962లో సిటీ ఈ స్థలాన్ని పార్కు కోసం కొనడం మొదలుపెట్టింది. రిచర్డ్ హాగ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పాత టవర్లను పడగొట్టకుండా ఉంచేసి, 1975లో పార్కుగా తెరిపించాడు. మట్టిని ఎత్తి ఎక్కడో పారబోసే బదులు మురుగు శుద్ధి కేంద్రం బురద, రంపపు పొట్టు కలిపి దున్నించాడు, సూక్ష్మజీవులు ఆ నూనెని తినేస్తాయని. ఆ రోజులకి అది చాలా ముందుచూపు, చవకైన పని కూడా. పైపైన నూనె తగ్గింది కూడా. కానీ లోతున ఉన్న తారుని సూక్ష్మజీవులు ఏం చేస్తాయి? 1984లో పరీక్షలు చేస్తే మట్టిలో పీఏహెచ్‌లు బయటపడ్డాయి, మేయరు పార్కుని కొన్నాళ్లు మూసేశాడు. మీరు గాలిపటాలు ఎగరేసిన గుట్ట కూడా కర్మాగారం శిథిలాల మీద మట్టి కప్పి చేసిందే.

ఇక డబ్బు. 1962లో సిటీ కొన్నది స్థలాన్నే కాదు, దాని అప్పుని కూడా. అప్పటికి అలా అప్పు అంటగట్టే చట్టం లేదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. 1988 నవంబరులో ఈ రాష్ట్రపు ఓటర్లు కలుషిత స్థలాల శుద్ధి మీద ఇనీషియేటివ్ 97 అనే ప్రతిపాదనకి ఓటేశారు. శాసనసభ దానికి పోటీగా 97బీ అని ఇంకోటి పెట్టినా జనం మొదటిదే ఎంచుకున్నారు. అదే 1989 మార్చి నుంచి అమలైన మోడల్ టాక్సిక్స్ కంట్రోల్ యాక్ట్. దాని పొడి అక్షరాలని కలిపి ఈ రంగంలో వాళ్లం "మాట్కా" అంటాం. మొదటిసారి మీటింగులో విన్నప్పుడు నాకు మన ఊరి మట్కా నంబర్లే గుర్తొచ్చి నవ్వాపుకోవడం కష్టమైంది.

ఈ చట్టానికి రెండు కాళ్లున్నాయి. మొదటిది బాధ్యత. మురికి చేసినవాడు, ఆ స్థలానికి ఇప్పటి యజమాని, ఇద్దరూ బాధ్యులే, ఒక్కొక్కరూ మొత్తానికి బాధ్యులే. వాటాలు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి, ప్రభుత్వానికి ఆ గొడవతో పని లేదు. నిర్లక్ష్యం జరిగిందని నిరూపించాల్సిన అవసరమూ లేదు. అందువల్ల గ్యాస్ వర్క్స్‌లో బిల్లు ఇద్దరి ముందుకొచ్చింది. ఒకరు యజమానిగా సియాటిల్ సిటీ. రెండోవారు పాత గ్యాస్ కంపెనీకి వారసురాలైన పుజెట్ సౌండ్ ఎనర్జీ. కంపెనీలు చేతులు మారుతూ, కలుస్తూ పోయినా ఆస్తితో పాటు పాపమూ వెంట వస్తుందన్నమాట. 1999లో ఈ ఇద్దరూ రాష్ట్ర ఎకాలజీ శాఖతో కోర్టు ద్వారా ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం పైన మట్టి పొర వేశారు, బెంజీన్ ఉన్న చోట భూమిలోకి గాలి పంపి దాన్ని ఆవిరిగా లాగేసే ఏర్పాటు చేశారు. సరస్సు అడుగు బురదకి 2005లో వేరే ఒప్పందం జరిగింది, తర్వాత ఒడ్డునీ అందులో కలిపారు. ఆ పరిశోధన, ప్రత్యామ్నాయాల పోలిక ఏళ్ల తరబడి సాగాయి.

కంపెనీ కడుతోందంటే మనకి ఖర్చు లేదనుకోకండి. గ్యాస్ సరఫరా కంపెనీ రేట్లు నిర్ణయించే రాష్ట్ర కమిషన్, ఇలాంటి శుద్ధి ఖర్చులో ఇన్సూరెన్సు నుంచి వచ్చింది పోగా మిగిలినదాన్ని రేట్లలో రాబట్టుకోనిస్తుంది. మీ ఇంటికి వాళ్ల గ్యాస్ కనెక్షన్ ఉంటే 1930ల నాటి తారుకి మీరూ తలా కాస్త చెల్లిస్తున్నట్టే. సిటీ వాటా ఎలాగూ మీ పన్నులే. "కాలుష్యం చేసినవాడే చెల్లించాలి" అన్న మాట వినడానికి బాగుంటుంది. తీరా ఆ చెల్లింపు ఏ జేబులోంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే చాలాసార్లు మన ఇంటి మెట్ల దగ్గరే తేలుతుంది.

రెండో కాలు నిధి. నా లెక్కలో ఇదే అసలు సంగతి. చట్టం చేసిన రోజే ఒక పన్ను కూడా పెట్టారు. రాష్ట్రంలోకి మొదటిసారి వచ్చే ప్రమాదకర పదార్థాల హోల్‌సేల్ విలువ మీద 0.7 శాతం. ఆచరణలో ఇది ఎక్కువగా పెట్రోలియం మీద పడే పన్ను. ఆ డబ్బులోంచే సిటీలకీ కౌంటీలకీ పోర్టులకీ శుద్ధి గ్రాంట్లు ఇస్తారు, మామూలుగా అర్హమైన ఖర్చులో సగం వరకు. అంటే గ్యాస్ వర్క్స్ లాంటి పార్కు చేతిలో ఉన్న సిటీ, ప్రతి ఏటా బడ్జెట్‌లో రోడ్లతోనూ లైబ్రరీలతోనూ పోటీ పడకుండా అడగడానికి ఒక గుమ్మం ఉంది.

ఆ గుమ్మం కూడా ఎప్పుడూ తెరిచి లేదు. పన్ను విలువ మీద కాబట్టి చమురు ధర పెరిగితే నిధి నిండేది, పడితే ఎండిపోయేది. 2014 చివర్లో ధర కుప్పకూలినప్పుడు ఏం జరిగిందో నేను దగ్గర్నుంచి చూశాను. డిజైన్ పూర్తయి కాంట్రాక్టరుని పిలవడమే తరువాయి అన్న పనులు అక్కడే ఆగిపోయాయి. మా మాట్కా నిజంగా మట్కా అయిపోయింది, పొద్దున్నే చమురు నంబరు చూసుకోవడం. అంతకుముందు ఆర్థిక మాంద్యంలో శాసనసభ ఈ నిధిలోంచి తీసి ఇతర ఖర్చులకి వాడిన సందర్భాలూ ఉన్నాయి. చివరికి 2019లో చట్టం మార్చి పెట్రోలియం మీద పన్నుని విలువతో సంబంధం లేకుండా బ్యారెల్‌కి 1.09 డాలర్లు చేశారు. ఆ మార్పు మీద పేపర్లలో పెద్దగా వార్తలు రాలేదు గానీ, ఈ రాష్ట్రంలో పార్కుల శుద్ధికి నా కాలంలో జరిగిన మేలు అదే.

ఫెడరల్ స్థాయిలో కలుషిత స్థలాల శుద్ధికి పెట్టిన సూపర్‌ఫండ్ కథ కూడా ఇలాంటిదే. 1980లో చట్టం వచ్చింది, చమురు, రసాయనాల మీద పన్నుతో నిధి నిండేది. 1995 చివరికి ఆ పన్ను గడువు తీరింది, కాంగ్రెసు పొడిగించలేదు, నిధి క్రమంగా అడుగంటింది. 2021లో చేసిన చట్టంతో రసాయనాల పన్ను, 2022 చట్టంతో చమురు పన్ను తిరిగొచ్చాయి. మధ్యలో పాతికేళ్లకు పైగా కాలం పోయింది.

పక్కనే టకోమాలో ఇంకో రకం కేసు ఉంది. అక్కడ అసార్కో కంపెనీ రాగి కరిగించే కొలిమి దాదాపు వందేళ్లు నడిచి 1980ల మధ్యలో మూతపడింది. దాని పొగగొట్టం నుంచి ఆర్సెనిక్, సీసం వెయ్యి చదరపు మైళ్లకు పైగా పడ్డాయి. ఇళ్ల పెరళ్లు, బళ్లు, ఆటస్థలాలు, పార్కులు, దేన్నీ వదల్లేదు. 2005లో కంపెనీ దివాలా తీసింది. మామూలుగా అయితే అక్కడితో కథ కంచికే. కానీ రాష్ట్రం అప్పులవాళ్ల వరసలో నిలబడి 2009లో ఈ ఒక్క పొగ ప్రాంతానికే 94.6 మిలియన్ డాలర్లు రాబట్టింది. ఆ డబ్బుతో బళ్లలో, పార్కుల్లో పిల్లలాడే చోట మట్టి పరీక్షించి, అవసరమైన చోట మార్చారు. ఇక్కడ మామూలు వాడకానికి మట్టిలో ఆర్సెనిక్ హద్దు కిలోకి 20 మిల్లీగ్రాములు, సీసానికి 250. ఇలా చట్టంలో ఒక అంకె ఉండబట్టే దివాలా కోర్టులో "ఇన్ని ఎకరాలు, ఇంత ఖర్చు" అని లెక్క చూపించగలిగారు. ఏదో కలుషితమైంది అని గుండెలు బాదుకుంటే దివాలా కోర్టు పైసా ఇవ్వదు.

మరి ఇంత ఏర్పాటు ఉండి కూడా గ్యాస్ వర్క్స్ ఎందుకు తేలలేదు అంటారా? పార్కు ఎవరికీ అద్దె తెచ్చిపెట్టదు కాబట్టి. అదే సరస్సు ఒడ్డున పాత పెట్రోలు బంకు స్థలంలో అపార్టుమెంటు కట్టేవాడు చకచకా తవ్వి పారేస్తాడు. ఫ్లాట్ల అమ్మకంలో ఆ ఖర్చు కలిసిపోతుంది, ఆలస్యమైతే బ్యాంకు వడ్డీ తరుముతుంది. పార్కుని ఎవరు తరుముతారు? ఎవరూ ఖాళీ చెయ్యనక్కర్లేదు, గడ్డి పచ్చగా ఉంది, జనం వస్తూనే ఉన్నారు. పైగా ఎంత శుభ్రం చెయ్యాలన్నదాంట్లో కూడా చట్టమే ఒక తూకం పెట్టింది. అదనంగా పెట్టే డాలరుకి తగ్గ అదనపు మేలు లేకపోతే ఆ మార్గం వద్దు అని. ఇరవై ఎకరాల మట్టిని లోతుగా తవ్వి లారీల్లో మోయడం ఆ తూకంలో ఎప్పుడూ ఓడిపోతుంది. మంచి మట్టి కప్పి పెట్టడం గెలుస్తుంది.

కప్పడం తప్పు కాదు, చాలా చోట్ల నేనూ అదే సలహా ఇచ్చాను. కానీ కప్పింది కాపలా అడుగుతుంది. ఒక్క చెట్టు నాటాలన్నా, దీపం స్తంభానికి గుంట తవ్వాలన్నా అనుమతి కావాలి. ఎండాకాలం తారు ఎక్కడైనా పైకి ఉబికితే వచ్చి తీసేయాలి. భూగర్భజలం నమూనాలు తీస్తూనే ఉండాలి. గ్రాంట్లు ఇచ్చేవాళ్లకి రిబ్బను కత్తిరించే పని మీద ఉన్న మోజు ఈ కాపలా మీద ఉండదు. అది ప్రతి ఏటా పార్కుల శాఖ నెత్తిన పడే ఖర్చు. ఒక చిన్న ఊళ్లో బహిరంగ సమావేశంలో పెద్దాయన ఒకరు లేచి, "మీ రిపోర్టులన్నీ పేర్చి ఆ మట్టి మీద కప్పినా ఈపాటికి పని అయ్యేది" అన్నాడు. అందరం నవ్వాం గానీ ఆయన మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేసింది. దశాబ్దాలుగా లేనిది ఇది. వీటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గానీ, నియమించిన సంస్థ గానీ 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వెయ్యాలి, ఆ తర్వాత ఇంకో మూడు నెలల్లో వివరంగా సర్వే చేసి తేల్చాలి. కొలతకి 189 ప్రమాదకర రసాయనాల హద్దులున్నాయి. మురికి చేసినవాడు దొరికితే ఖర్చు వాడిదే. దొరక్కపోతే, దొరికినా కట్టలేకపోతే కేంద్రం, రాష్ట్రం భరించాలి.

చదవడానికి బాగానే ఉంది. నా పేచీ ఆ చివరి వాక్యంతో. భరించాలి సరే, ఏ డబ్బుతో? బ్యారెల్‌కి ఇంత, టన్నుకి ఇంత అని దీనికోసం కట్టిపెట్టిన పన్ను లేదు. గుర్తించిన స్థలాన్ని ఎప్పటిలోగా శుభ్రం చెయ్యాలో గడువూ పెట్టలేదు. ఈ నిబంధనలు వచ్చేనాటికి దేశంలో 103 స్థలాలు గుర్తిస్తే శుద్ధి మొదలైంది 7 చోట్ల మాత్రమే.

పన్ను వెయ్యడం మనకి చేతకాక కాదు. 2010లో బొగ్గు మీద టన్నుకి 50 రూపాయల సెస్సు వేసి జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి అన్నారు. 2016కి అది 400 అయింది. సుమారు 86 వేల కోట్లు వసూలైతే ఆ నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు, పనులకి పెట్టింది అందులో సగం చిల్లర. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు స్థానంలో వేసిన డబ్బు రాష్ట్రాల పరిహారానికి మళ్లింది. ఇక్కడ చమురు ధర నిధిని ఎండగడితే, అక్కడ దారి మళ్లింపు ఎండగట్టింది.

కోర్టు తీర్పు ఉంటే చాలనుకునేవాళ్లకి నేను రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం గురించి చెబుతుంటాను. అక్కడి బావుల్ని రసాయన ఫ్యాక్టరీలు పాడుచేశాయని 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది, శుద్ధికి 37.385 కోట్లు కట్టాలని తేలింది. కంపెనీ పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోయింది. 2011లో కోర్టుకి విసుగొచ్చి 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. తీర్పులో న్యాయం ఉంది, ఊళ్లో నీళ్లు లేవు. ముందు నిధిలోంచి పని చేసేసి తర్వాత కంపెనీ వెంట పడే ఏర్పాటు ఉంటే ఆ పదిహేనేళ్లు జనం ఎదురుచూసేవాళ్లు కాదు.

హైదరాబాద్ కాటేదాన్ పక్కన నూర్ మహమ్మద్ కుంటది ఇంకో చిక్కు. ప్రపంచ బ్యాంకు 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో పనులకి ఇచ్చిన అప్పు కింద శుద్ధికి ఎంచుకున్న వాటిలో అదొకటి. చుట్టూ ఉన్నవి చిన్న చిన్న యూనిట్లు, మూతపడ్డవి కొన్ని, పేరు మార్చినవి కొన్ని. వాటిలో ఎవరి పేరు మీద బిల్లు రాస్తారు? ఇలాంటి చోట ఉమ్మడి నిధి తప్ప దారి లేదు.

మీ ఊరి డంపింగ్ యార్డుకి వద్దాం. అడగాల్సిన మొదటి మాట, అందులో పడింది ఇళ్ల చెత్తేనా, ఫ్యాక్టరీల వ్యర్థాలు, ఆస్పత్రి వ్యర్థాలు కూడా పడ్డాయా అని. ఎందుకంటే 2025 నిబంధనలు మామూలు చెత్త డంపులకి వర్తించవు, వాటికి వేరే నిబంధనలున్నాయి. ప్రమాదకర పదార్థాలు హద్దు దాటి కలిసి ఉంటేనే ఇవి వర్తిస్తాయి. మామూలు చెత్తే అయితే డబ్బుకి దారి స్వచ్ఛ భారత్ మిషన్ అర్బన్ 2.0. పాత చెత్త తొలగించడానికి కేంద్రం వాటా ఇస్తుంది. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణమైతే సగం, పది లక్షల లోపైతే మూడో వంతు, ఆ పైన పావు వంతు. మిగతాది ఎవరిస్తున్నారో మున్సిపాలిటీ తీర్మానంలో ఉండాలి. ఉందో లేదో చూడండి.

చాలా చోట్ల బయోమైనింగ్ పేరుతో చెత్తని జల్లెడ పట్టి తీసేశాక, కింద మిగిలిన నేలని ఎవరూ పరీక్షించరు. చెత్త పోయింది, పచ్చగడ్డి వేద్దాం అంటారు. ఏళ్ల తరబడి చెత్త నుంచి ఊరిన నల్లనీళ్లు ఇంకిన నేల అది. టెండరు పిలవకముందే మట్టి, చుట్టుపక్కల బోరునీళ్లు గుర్తింపు ఉన్న ల్యాబులో పరీక్ష చేయించి రిపోర్టు బయటపెట్టమనండి. చెత్త తీయకుండా పైన మట్టి కప్పే ఆలోచన అయితే మీథేన్ వాయువు బయటికి పోయే గొట్టాలు ఉన్నాయా, నేల కుంగితే ఎవరు సరిచేస్తారు అని కూడా అడగండి. పార్కు ప్రారంభం తర్వాత పదేళ్ల కాపలాకి బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఎంత పెట్టారో అడిగితే అవతలివాళ్లు మొదటిసారి మీ వంక సరిగ్గా చూస్తారు.

ఇవన్నీ ఒకే సమాచార హక్కు దరఖాస్తులో కుక్కకండి, "విస్తృతంగా ఉంది" అని తిప్పి పంపేస్తారు. స్థలం సర్వే నంబరు వేసి, పరీక్షల రిపోర్టు కాపీకి ఒకటి, డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) కాపీకి ఒకటి మున్సిపాలిటీకి పంపండి. జిల్లా నుంచి వెళ్లిన అనుమానిత స్థలాల జాబితాలో ఈ సర్వే నంబరు ఉందా అని మూడోది కలెక్టరేటుకి పంపండి. లేదు అని జవాబొస్తే ఆ కాగితం జత చేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. జవాబులు వచ్చాక రిపోర్టులోని అంకెలు ఇక్కడ పెట్టండి, కూర్చుని చదివి పెడతాను.